కుడి స్టీరింగ్ ఊరు

బేరమంతా క్యాలిక్యులేటర్ మీదే సాగింది. పాకిస్తానీ వ్యాపారి ఓ అంకె నొక్కి చూపించాడు. రష్యన్ నావికుడు పెదవి విరిచి, దాన్ని చెరిపేసి, తన అంకె నొక్కాడు. వ్యాపారి నవ్వి మళ్లీ చెరిపాడు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భాష నాలుగు జపనీస్ ముక్కలు, పది చేతివేళ్లు. మధ్యలో తెల్లటి టొయోటా మార్క్ 2. చోటు జపాన్ పడమటి తీరాన తొయామా అఖాతం. కాలం 1990ల నడిమి రోజులు.

నావికుడికి నేను పేరు పెట్టడం లేదు. అలాంటి వేలమంది అనుభవాలను ఒక్కడి మీద పెట్టి చెబుతున్నాను. అతని మాటలూ అతని కొడుకు మాటలూ నా ఊహ. తేదీలు, సుంకాలు, లాఠీ దెబ్బలు మాత్రం జరిగినవే.

ఆ కారుకు ఏ రోగమూ లేదు. తిన్నగా నడుస్తోంది, సీట్లు మాసిపోలేదు. మరెందుకు అమ్మేశారంటే, జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు తొలి తనిఖీ, ఆ తర్వాత రెండేళ్లకోసారి. షాకెన్ అంటారు. పన్ను, బీమా, మరమ్మతు అన్నీ కలిసి తడిసి మోపెడవుతుంది. దాని బదులు కొత్తది కొనుక్కుంటే పోలేదా అనుకుంటాడు అక్కడి యజమాని. అలా వదిలించుకున్న బళ్లను పోగేసి, రష్యన్ ఓడలు ఆగే రేవుల దగ్గర రోడ్ల పక్కన దుకాణాలు తెరిచినవాళ్లలో పాకిస్తానీలే ఎక్కువ. వాళ్ల సంతతి ఇప్పటికీ ఆ ప్రాంతంలోని ఇమిజు పట్టణంలో ఉంది.

నావికుడి ఊరు వ్లదివస్తోక్. రైల్లో వెళితే మాస్కోకు 9,288 కిలోమీటర్లు. జపాన్ మాత్రం సముద్రానికి అవతలి ఒడ్డే. పసిఫిక్ నౌకాదళ స్థావరం కావడంతో 1992 జనవరి 1 దాకా ఆ ఊళ్లోకి విదేశీయులను అడుగు పెట్టనివ్వలేదు. సోవియట్ రోజుల్లో సామాన్యుడు ఒక జిగులీ కారు కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండేవాడు. దేశం ముక్కలయ్యాక వరుసా పోయింది, జీతమూ పోయింది. విదేశీ రేవుల్లో దిగే వీలున్న నావికుడి చేతిలో మాత్రం నాలుగు డాలర్లు ఆడేవి.

కార్లను ఓడ మీదకు ఎక్కించిన తీరు వింటే నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. చేపల ఓడ, సరుకుల ఓడ అని లేదు, డెక్కు మీద జానెడు జాగా కనిపిస్తే అక్కడో కారు. చక్రాలకు మోకులు, పక్క కారుకు తగలకుండా మధ్యలో పాత టైర్లు. అల లేచినప్పుడల్లా ఉప్పునీళ్లు. రేవులో దిగాక మన నావికుడు మొదట చేసిన పని మంచినీళ్లతో కారంతా కడగడమేనట. భార్యను పలకరించింది ఆ తర్వాతే!

అసలు చిక్కు ఊళ్లోకి వచ్చాక మొదలైంది. జపాన్‌లో మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు కాబట్టి స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. రష్యాలో నడిపేది కుడివైపు. ముందున్న లారీని దాటాలంటే డ్రైవరుకు ఎదురుగా వచ్చేది కనిపించదు. పక్క సీట్లో ఉన్నవాళ్లే మెడ చాచి చూసి చెప్పాలి.

“వెళ్లొచ్చా?”

“ఆగు... ఆగు... ఊఁ, ఇప్పుడు పోనీ!”

ఆ ఊళ్లో ఎన్నో కాపురాలు ఈ సంభాషణ మీదే నడిచాయి. ఎవరూ మానలేదు. చలికి మొరాయించని ఇంజను, వేడి గాలి ఊదే హీటరు, ఏళ్లు గడిచినా ఊడిపోని తలుపులు చూసినవాడు మళ్లీ జిగులీ ఎక్కుతాడా? కొన్నేళ్లకు నగరంలో పది కార్లలో తొమ్మిది కుడి స్టీరింగువే అనే మాట స్థిరపడింది. జపాన్ కంపెనీ పేరున్న వ్యాను కొంటే ఆ అక్షరాలు చెరిపేవాళ్లు కాదు. ‘ఇది రష్యా రోడ్ల మీద తిరగలేదు’ అనడానికి అదే సాక్ష్యం, అమ్మేటప్పుడు అదే ధర. డాష్‌బోర్డులోంచి ఓ జపాన్ అమ్మాయి గొంతు టోల్ కార్డు పెట్టలేదని ప్రతి ఉదయం మర్యాదగా గుర్తు చేస్తుండేది. టోల్ గేటే లేని ఊళ్లో!

ఇక్కడ ఒక మాట. మన దేశంలోకి ఈ వ్యాపారం రాలేకపోవడానికి కారణం మన నిబంధనలే. తయారై మూడేళ్లు దాటిన వాడిన కారును రానివ్వరు, వచ్చేది కుడి స్టీరింగుదే కావాలి, దింపేది ముంబయి రేవులోనే కావాలి. పైన సుంకం కారు ధరను మించిపోతుంది. దుబాయిలో ఏళ్ల తరబడి చెమటోడ్చి తిరిగొచ్చే కరీంనగర్ మనిషి అక్కడి కారు వెంట తెచ్చుకోలేడు. అక్కడ స్టీరింగ్ ఎడమవైపు కదా.

వ్లదివస్తోక్‌లో ఇది నావికుల చిల్లర బేరంగా ఆగలేదు. ఊరి కొండవాలు మీద ‘గ్రీన్ కార్నర్’ అనే కార్ల సంత వెలిసింది. కనుచూపు మేరా కార్లే. కొనడానికి సైబీరియా నలుమూలల నుంచీ వచ్చేవాళ్లు. కొన్న కారును వేల కిలోమీటర్లు నడిపి చేర్చడమే వృత్తిగా ఓ తెగ పుట్టింది. సైబీరియాలోని చితా నగరం దాకా సరైన రోడ్డు లేదు, కంకర దారి. రాళ్లు తగలకుండా కారు ముఖానికి అట్టలు కట్టి, టేపు చుట్టి బయల్దేరేవాళ్లు. 90లలో దారి కాచి మామూళ్లు గుంజే ముఠాలుండేవి. అందుకే ఒంటరిగా వెళ్లకుండా గుంపులుగా కదిలేవాళ్లు. సుంకం తప్పించడానికి ఇంకో విద్య కనిపెట్టారు. కారును జపాన్‌లోనే విప్పి, బాడీ ఒకచోట, ఇంజను ఒకచోట ‘విడిభాగాలు’గా తెచ్చి ఇక్కడ బిగించడం. కొందరైతే కారును అడ్డంగా రెండు ముక్కలు కోసి తెచ్చి వెల్డింగ్ పెట్టేవాళ్లు. అలాంటి దాన్ని నమ్మి భార్యాపిల్లల్ని ఎక్కించడమంటే గుండె నిబ్బరం కావాలి.

2008 నాటికి నావికుడు రిటైరయ్యాడు. కొడుకు గ్రీన్ కార్నర్‌లో వ్యాపారి. ఆ ఏడు జపాన్ నుంచి రష్యాకు వచ్చిన వాడిన కార్లు ఐదు లక్షలు దాటాయి. అంతలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. వోల్గా ఒడ్డున తొల్యాత్తిలో లాడా కార్లు చేసే అవ్తోవాజ్ కర్మాగారంలో లక్షమంది దాకా కార్మికులు, అమ్ముడుపోని కార్లు. డిసెంబరు తొలి వారంలో ప్రధాని పుతిన్ ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చింది. జనవరి రెండో వారం నుంచి విదేశీ కార్ల మీద సుంకం పెంపు. అంతవరకూ ఏడేళ్లు దాటిన కారుకే భారీ సుంకం, ఇకమీదట ఐదేళ్లు దాటితే చాలు. ఆ సంతలో బతుకంతా ఐదేళ్లకూ ఏడేళ్లకూ మధ్య ఉన్న కార్ల మీదే. విడిగా తెచ్చే బాడీ మీద కూడా అప్పటికే కనీసం 5,000 యూరోల సుంకం వేసేశారు.

“ఓడలో మన కార్లెన్ని ఉన్నాయిరా?” అడిగాడు తండ్రి.

“పది రోజుల్లో కస్టమ్స్ దాటకపోతే, అవి ఎన్నైతే ఏం నాన్నా?”

తొల్యాత్తి కార్మికుడి కడుపు గురించి ఆలోచించడం తప్పని నేననను. కానీ అతని కూడు కోసం తూర్పు కొసన ఉన్నవాడి నోటి దగ్గరి ముద్ద లాగేటప్పుడు, ఆ మనిషిని ఒక్కమాటైనా అడగాలి. ఎవరూ అడగలేదు. డిసెంబరు 14న వేలమంది వీధిలోకి వచ్చారు. విమానాశ్రయం రోడ్డు స్తంభించింది. పుతిన్‌నే దేశీ కారెక్కమంటూ నినాదాలు. వాయిదా వేయమని ప్రాంతీయ శాసనసభ కూడా మాస్కోను వేడుకుంది.

వారం తిరిగి 21న, ఆదివారం. ఈసారి జెండాల్లేవు, నినాదాల్లేవు. నడిబొడ్డు కూడలిలో కొత్త సంవత్సరం చెట్టు చుట్టూ జనం చేతులు పట్టుకుని, మన బతుకమ్మ ఆటలా, వలయంగా తిరుగుతూ పాడుతున్నారు. ఇది సభ కాదు, పండగ అని చెప్పుకోవచ్చని వాళ్ల లెక్క. ఎదురుగా హెల్మెట్లు, లాఠీలు. వచ్చినవాళ్లు ఊరి పోలీసులు కారు. మాస్కో ప్రాంతం నుంచి విమానంలో దించిన ప్రత్యేక దళం. ఊరి పోలీసుల ఇళ్ల ముందూ జపాన్ కార్లే ఉంటాయి మరి.

వలయం తెగింది. చేతికి దొరికినవాణ్ని దొరికినట్టు మంచు మీద ఈడ్చి బస్సుల్లో పడేశారు. చుట్టూ ఉన్న విలేఖరులు కూడా దెబ్బలు తిన్నారు. పదుల మందిని నిర్బంధించారు. కొడుకు ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కోటు చెయ్యి చిరిగి ఉంది.

“నిన్ను కొట్టినవాళ్లు ఏ ఊరివాళ్లు?”

“ఎవరికి తెలుసు! రేవుకు దారెటో కూడా వాళ్లకు తెలీదు.”

జనవరిలో సుంకం అమల్లోకి వచ్చింది. ఆ ఏడాది దిగుమతి పదో వంతుకు పడిపోయింది. గ్రీన్ కార్నర్‌లో ఖాళీ జాగాలు కనిపించాయి. ఊరి కార్ల పిచ్చి మీద స్థానిక జర్నలిస్టు వాసిలీ అవ్‌చెంకో 2009లో ఏకంగా ఒక పుస్తకమే వెలువరించాడు. దేశీ కార్లను తూర్పుకు రైల్లో ఉచితంగా పంపే ఏర్పాటు చేసింది ప్రభుత్వం. అదే ఏడు డిసెంబరులో సొల్లెర్స్ సంస్థ కార్లు బిగించే కర్మాగారాన్ని ఆ ఊళ్లోనే తెరిచింది. పుతిన్ స్వయంగా వచ్చాడు. 2010 ఆగస్టులో ఆయనే పసుపుపచ్చ లాడా కలీనా నడుపుతూ ఖబారోవ్స్క్ నుంచి చితా వైపు, ఒకప్పుడు అట్టలు కట్టుకున్న కార్లు ఈదిన ఆ దారినే, కొత్త తారు మీద సాగాడు. దారి పక్కన ఎవరో ఆ వరుసను వీడియో తీశారు. ఆయన కారు వెనక డజన్ల వాహనాలు, వాటిలో మరో పసుపు కలీనా. ఇంకొకటి ట్రక్కు మీద. ఆ వీడియో చూసి తూర్పు కొస అంతా విరగబడి నవ్వింది.

వ్యాపారం చావలేదు. ఐదేళ్లలోపు కార్లకు మళ్లింది, జపాన్ వేలాలను ఇంట్లో కూర్చుని తెర మీద పాడుకునే పద్ధతి వచ్చింది. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, 2023 ఆగస్టులో, ఈసారి జపానే ఆంక్ష పెట్టింది. 1,900 సీసీ దాటిన ఇంజన్లు, హైబ్రిడ్లు, కరెంటు కార్లు రష్యాకు ఎగుమతి కాకూడదంది. దాంతో బేరగాళ్లంతా 1,500 సీసీ బళ్ల మీద పడ్డారు. మార్క్ 2 పాతదొకటి ఎక్కడైనా కనబడితే ఇప్పుడు ధర తగ్గదు, పెరుగుతుంది.