డిపో నడిపే నేర్పు శిక్షణతోనే!
ఆర్టీసీ అధికారులకు నాయకత్వ పాఠాలు ఎందుకు, ఎలా?

ప్రజా రవాణా సంస్థలో అధికారి సామర్థ్యానికి గీటురాయి డిపో. తెల్లవారుజామున తొలి బస్సు వేళకు గేటు దాటడం మొదలు, రాత్రి ఆఖరి కండక్టరు వసూలు సొమ్ము జమచేసే వరకు ప్రతి పనికీ డిపో మేనేజరే జవాబుదారీ. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్‌లు, గుమస్తాలతో కూడిన సిబ్బందిని ఒక్క తాటిపై నడిపించవలసిన ఈ పదవికి డిగ్రీ పట్టా, సీనియారిటీ మాత్రమే చాలవు. అందువల్లనే ఆర్టీసీలలో నాయకత్వ శిక్షణకు ప్రాధాన్యం ఏర్పడింది.

27 బస్సులతో ఆరంభం
నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 1932లో 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. 1999లో 18 వేలకు పైగా బస్సులతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. రాష్ట్ర విభజన తరువాత సంస్థ రెండుగా విడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖలో ప్రభుత్వ ఉద్యోగులయ్యారు.

ఎదుగుదలకు రెండు దారులు
కింది స్థాయిలో చేరి పదోన్నతులపై పైకి రావడం ఒక దారి. కండక్టరుగా చేరినవారు కంట్రోలరు, ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు హోదాలకు ఎదుగుతారు. ట్రాఫిక్, మెకానికల్ సూపర్‌వైజర్ ట్రైనీలుగా నేరుగా ఎంపిక కావడం రెండో దారి. ఉద్యోగం పేరులోనే శిక్షణ ఇమిడి ఉండటం ఇక్కడ గమనార్హం.

హైదరాబాద్ శివారులోని హకీంపేటలో సిబ్బంది శిక్షణ కళాశాల ఉంది. రాష్ట్ర రవాణా సంస్థల సమాఖ్య, కేంద్ర ప్రభుత్వం కలిసి 1967లో పుణెలో నెలకొల్పిన కేంద్ర రోడ్డు రవాణా సంస్థ దేశంలోని వివిధ ఆర్టీసీల అధికారులకు స్వల్పకాలిక శిక్షణ తరగతులు నిర్వహిస్తుంది.

అంకెల వెనుక మనుషులు
డిపో పనితీరును కొలిచే అంకెలు కొన్ని ఉన్నాయి. కిలోమీటరుకు వచ్చే రాబడి, సీట్ల భర్తీ శాతం, లీటరు డీజిలుకు నడిచే కిలోమీటర్లు, టైర్ల మన్నిక, దారిలో బస్సులు నిలిచిపోయే సందర్భాలు అందులో ముఖ్యమైనవి. ఉదాహరణకు రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 కిలోమీటర్లు ఇస్తే 60 లీటర్ల డీజిలు కావాలి. అది 5.2కు పెరిగితే దాదాపు 58 లీటర్లు సరిపోతుంది. వంద బస్సుల డిపోలో రోజుకు సుమారు 230 లీటర్లు మిగులుతుంది. అయితే ఈ పొదుపు ఆదేశంతో రాదు. డ్రైవరు గేరు మార్చే తీరు, మెకానిక్ చూపే శ్రద్ధ మీద ఆధారపడుతుంది. వారిని ఒప్పించి చేయించడమే నాయకత్వం.

డ్యూటీల కేటాయింపు మరో కీలకాంశం. మోటారు రవాణా కార్మికులతో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదని 1961 నాటి చట్టం నిర్దేశించింది. సిబ్బంది కొరత ఉన్నచోట సెలవులు, విశ్రాంతి విషయంలో మేనేజరు పాటించే న్యాయమే డిపో వాతావరణాన్ని నిర్ణయిస్తుంది. తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 50 రోజులకు పైగా సాగింది. అలాంటి వివాదాల్లో విధాన నిర్ణయాలు డిపో అధికారి చేతిలో ఉండవు. కానీ సమ్మె ముగిశాక తిరిగి విధుల్లో చేరినవారితో రోజూ పని చేయించవలసింది ఆయనే.

ప్రాణాలతో ముడిపడిన బాధ్యత
2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డుపై ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా దుర్మరణం పాలయ్యారు. బస్సులో పరిమితికి మించి ప్రయాణికులున్నారు. ఏ మార్గానికి ఏ బస్సు పంపాలి, రద్దీ రోజుల్లో అదనపు బస్సు నడపాలా వద్దా అన్నవి డిపో స్థాయిలో తేలవలసిన విషయాలు. రాబడి లెక్క కన్నా భద్రత ముందు అనే పాఠం శిక్షణలో మొదటిది కావలసి ఉంది.

మారిన పరిస్థితులు
తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణ పథకాలు ప్రారంభమయ్యాయి. దీంతో సీట్ల భర్తీ పెరిగింది, కండక్టర్లపై ఒత్తిడీ పెరిగింది. విద్యుత్ బస్సుల్లో అధిక భాగం కిలోమీటరు చొప్పున చెల్లించే ఒప్పందాలపై నడుస్తున్నాయి. వాటి డ్రైవర్లు ఆర్టీసీ ఉద్యోగులు కారు. తన ఉద్యోగి కాని వ్యక్తి చేత ప్రయాణికుడికి సక్రమ సేవ అందించడం మేనేజరుకు కొత్త పరీక్ష.

తరగతి గదిలో విన్నది డిపోలో ఆచరణకు వస్తేనే శిక్షణకు సార్థకత. శిక్షణ ముగించుకొని వచ్చిన అధికారిని కనీసం కొంతకాలం ఒకేచోట కొనసాగించి, ఫలితాలను సమీక్షించినప్పుడే సంస్థకూ, ప్రయాణికుడికీ మేలు జరుగుతుంది.