ఇరవై ఐదు రూపాయల నుండి మూడు లక్షల దాకా

పదో తరగతి పాసైన మన పిల్లల ముందు ఈరోజు చాలా దారులున్నాయి. ఇంటర్‌లో చేరవచ్చు, పాలిసెట్ రాసి డిప్లొమాకు వెళ్ళవచ్చు, ఐటీఐలో పని నేర్చుకోవచ్చు, సాంఘిక సంక్షేమ గురుకుల కళాశాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏ దారి పట్టినా స్కాలర్‌షిప్ వస్తుందన్న ధైర్యం ఇంట్లో ఉంటుంది. ఆ స్కాలర్‌షిప్ ఎక్కడి నుండి వచ్చిందని అడిగితే మాత్రం, ‘గవర్నమెంటు ఇస్తోంది’ అన్న జవాబే ఎక్కువగా వినిపిస్తుంది. ఇచ్చింది గవర్నమెంటే. ఇప్పించింది ఎవరో, దానికి ఎంత మూల్యం చెల్లించామో మనం తెలుసుకోవాలి.

1907లో భీమరావు అంబేడ్కర్ మెట్రిక్ పాసయ్యాడు. ఆ సందర్భంగా బొంబాయిలో జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను మరాఠీలో రాసిన బుద్ధుని జీవిత చరిత్రను ఆయనకు బహుమతిగా ఇచ్చారు. మన ధమ్మ చరిత్రలో ఆ పుస్తకానికి ఉన్న చోటు మనందరికీ తెలుసు. కేలుస్కర్ చేసిన రెండో మేలును అంతగా తలచుకోం. ఇంటర్మీడియట్ అయ్యాక తండ్రి రాంజీ చేతిలో డబ్బు లేక చదువు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అప్పుడు కేలుస్కర్ ఆ కుర్రవాణ్ణి బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ దగ్గరకు తీసుకువెళ్ళారు. నెలకు 25 రూపాయల సాయం మంజూరైంది. ఆ డబ్బుతోనే 1912లో బి.ఏ. పూర్తయింది.

1913లో అదే మహారాజు నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళ పాటు ఇచ్చి కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపారు. దానికి ఒక షరతు ఉంది. చదువు ముగిశాక పదేళ్ళు బరోడా సంస్థానంలో కొలువు చేయాలి. 1917లో స్కాలర్‌షిప్ గడువు తీరిపోవడంతో లండన్ చదువును సగంలో వదిలి రావలసి వచ్చింది. బరోడాలో కొలువులో చేరితే అంటరానివాడని ఉండటానికి ఇల్లు దొరకలేదు. తర్వాత బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి కూడబెట్టిన జీతం, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అప్పు కలిస్తేనే 1920లో మళ్ళీ ఓడ ఎక్కగలిగారు. 1923లో డి.ఎస్సీ. పట్టా చేతికొచ్చింది.

ఇక్కడ మనం ఆగి లెక్క వేసుకోవాలి. ఒక్క మనిషి చదువు పూర్తి కావడానికి ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు రాజులు, ఒక మిత్రుడు కావలసి వచ్చారు. వారిలో ఏ ఒక్కరు తారసపడకపోయినా ఆ చదువు అక్కడే ఆగిపోయేది. అదే కాలంలో కేలుస్కర్ లాంటి మాస్టారు కనిపించక బడి మానేసిన పిల్లలెందరో! దాత మనసు మీద ఆధారపడిన చదువు ఎంత సన్నని దారం మీద వేలాడుతుందో బాబాసాహెబుకు స్వానుభవంతో తెలుసు.

అందుకే అధికారం చేతికి రాగానే ఆయన ఆ దారాన్ని తాడుగా పేనారు. 1942 జూలైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యారు. అదే ఏడాది అక్టోబరులో షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయి లిన్‌లిత్‌గోకు వినతిపత్రం ఇచ్చారు. దేశంలో సైన్సు, సాంకేతిక విద్య చదివేవారికి ఏటా రెండు లక్షలు, విదేశాల్లో చదివేవారికి ఏటా ఒక లక్ష కేటాయించమని అందులో అడిగారు. 1944లో మూడు లక్షల రూపాయలతో షెడ్యూల్డ్ కులాల స్కాలర్‌షిప్ పథకం మొదలైంది. ఈనాటి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు మూలం అదే. తర్వాత దాన్ని షెడ్యూల్డ్ తెగలకూ విస్తరించారు. ఒక రాజు దయగా ఉన్నది ప్రభుత్వ బాధ్యతగా మారింది.

డబ్బు ఒక్కటే చాలదని కూడా ఆయన గ్రహించారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో అప్పటి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఔరంగాబాదులో మరో కళాశాల తెరిచారు. రెండోదానికి మిళింద మహావిద్యాలయ అన్న పేరు స్థిరపడింది. తెలివిగల ప్రశ్న అడిగిన రాజు పేరు కళాశాలకు తగినదే.

ఇక చెల్లించిన మూల్యం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారికి షెడ్యూల్డ్ కులాల గుర్తింపు లేదు. 1956లో సిక్కులకు ఆ అడ్డు తీసేశారు. అదే ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మంది బుద్ధుని శరణు వేడినప్పుడు, చట్టం దృష్టిలో వారి గుర్తింపు పోయింది. అంటరానితనం మాత్రం పోలేదు. ఊరు, వాడ, బావి అలాగే ఉన్నాయి. పిల్లల ఫీజు కోసం దరఖాస్తులో హిందువని రాసి ఇంట్లో త్రిశరణం చెప్పుకున్న కుటుంబాలు ఎన్నో. మహారాష్ట్ర తన పరిధిలో రాయితీలు ఇచ్చినా కేంద్ర గుర్తింపు రాలేదు. 1964 డిసెంబరులో రిపబ్లికన్ పార్టీ నడిపిన సత్యాగ్రహం కోర్కెల్లో బౌద్ధులకు ఈ హక్కులివ్వాలన్నది కూడా ఉంది. చివరికి 1990లో, అంటే 34 ఏళ్ళ తర్వాత, పార్లమెంటు ఆ ఉత్తర్వును సవరించి బౌద్ధులను చేర్చింది.

కాబట్టి బౌద్ధులమని రాస్తే ఎస్సీ హోదా పోతుందన్న మాటకు చట్టంలో చోటు లేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారినవారిని బీసీ-సీగా లెక్కిస్తారు గనుక కొందరు గుమాస్తాలు మనకూ అదే వర్తిస్తుందని పొరబడతారు. వారికి 1990 సవరణ చూపించాలి. ధ్రువపత్రంలో కులం పేరు వదిలేసి వట్టి ‘బౌద్ధం’ అని రాయించుకుంటే మాత్రం చిక్కే. గుర్తింపు జాబితాలోని కులానికి ఉంటుంది; కులం, మతం రెండూ నమోదు కావాలి.

పథకానికి ఈనాటికీ కష్టాలు తప్పలేదు. 2020 డిసెంబరులో కేంద్రం ఖర్చును 60:40 నిష్పత్తిలో రాష్ట్రాలతో పంచుకోవాలని నిర్ణయించింది. తల్లిదండ్రుల ఆదాయ పరిమితి ఏటా రెండున్నర లక్షలు. నిధులు ఆలస్యమైనప్పుడు కళాశాలలు ఫీజు కట్టమని పిల్లలనే నిలదీస్తాయి, సర్టిఫికెట్లు ఆపుతాయి. సిగ్గుతో చదువు మానేసే పిల్లలు అక్కడే మనకు దూరమవుతారు. బాకీ పడింది ప్రభుత్వం. తల దించుకోవలసింది విద్యార్థి కాదు.

మన విహారాలు, సంఘాలు ఏటా ఫలితాల వేళ ఒక పని పెట్టుకోవాలి. వాడలో పదో తరగతి, ఇంటర్ పాసైన పిల్లల పేర్లు రాసుకుని కుల, ఆదాయ పత్రాలు సిద్ధంగా ఉన్నాయో లేదో చూడాలి. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రలో జ్ఞానభూమి దరఖాస్తులు గడువులోపల పూర్తి చేయించాలి. సభలో పుస్తకం బహుమతిగా ఇవ్వడం మంచిదే. అక్కడితో ఆగకుండా, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసు మెట్లెక్కే పెద్దమనిషి ప్రతి వాడలో ఒక్కరైనా ఉండాలి.