కోరంగి రేవు నుంచి లె హావ్ర్ రేవు దాకా

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి పంపమని సంఘంవారు అడిగినప్పుడు, ఫ్రాన్సు దేశపు ఫుట్‌బాల్ క్లబ్బు ఒకదాని సంగతి వ్రాస్తానన్నాను. వారు నవ్వినారు. "ఫరంపేటవాడివి కదా, ఫ్రెంచివాసన ఇంకా పోలేదు" అన్నారు. పోకపోవచ్చును. కాని నేను చెప్పబోయేది ఫ్రెంచివారి కథ ఎంతో, మన కథా అంతే.

మా ఫరంపేట యానాం పల్లెలలో ఒకటి. ఫ్రెంచివారు యానాంలో 1723లో కాలు పెట్టినారు. 1954 జూన్ 13న వారి పెత్తనం కూలింది. చట్టరీత్యా అప్పగింత పూర్తయినది 1962 ఆగస్టు 16న. ఈ తేదీలు మా ఊరి పిల్లలు కూడా చెప్తారు. ఎవరూ చెప్పనిది మరొకటున్నది. గోదావరి ఒడ్డున ఓడలకెక్కిన సరుకులలో బట్టలతోబాటు మనుషులు కూడా ఉన్నారు. 1828లో పదిహేనుగురు తెలుగువారు యానాం నుంచి బూర్బోన్ దీవికి, అంటే నేటి రియూనియన్‌కు, చెరకు తోటల కూలికి వెళ్ళినారు. వారి వెనుక మరెందరో వెళ్ళినారు.

ఆ పక్కనే ఇంగ్లీషువారి ఏలుబడిలో మారిషస్ ఉన్నది. అక్కడ 1835లో బానిసత్వం రద్దయ్యేసరికి తోటల యజమానులు కూలీలకోసం మన తీరంవైపు చూచినారు. యానాంకు కొద్ది మైళ్ళలో ఉన్న కోరంగి రేవును 1839 నాటి తుఫాను ఊడ్చిపెట్టినది. అయినా 1843లో 'కోరింగా పాకెట్' అనే ఓడ తెలుగువారిని ఎక్కించుకొని మారిషస్ చేరింది. అక్కడ మనవారికి 'కోరంగీలు' అనే పేరు స్థిరపడిపోయినది. ఏ ఊరు, ఏ ఇంటిపేరు అని ఎవరూ అడగలేదు. ఎక్కిన రేవు పేరే జాతి పేరయినది. నేడు అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం.

ఇక ఫ్రాన్సుకు వద్దాం. ఉత్తర సముద్రతీరాన లె హావ్ర్ అని ఒక పట్టణం. ఆ మాటకు అర్థమే రేవు. 1872లో అక్కడ కాపురమున్న ఇంగ్లీషువారు కొందరు ఒక ఆటల సంఘం పెట్టుకొన్నారు. కేంబ్రిడ్జి లేతనీలం, ఆక్సుఫర్డు ముదురునీలం కలిపి చొక్కాలు కుట్టించుకొన్నారు. తొలిరోజులలో వారి ఆట కాలితోను చేతితోను కలగాపులగంగా సాగేది. దేశంలో అన్నిటికన్న పాతదని ఈ క్లబ్బును 'పెద్ద' అని పిలుస్తారు. వలసవచ్చినవారు తీరిక వేళకోసం పెట్టుకొన్న సంఘం ఇంతదూరం వచ్చిందంటే, మన సంఘం కార్యదర్శిగారు కొంచెం ధైర్యం తెచ్చుకోవచ్చును.

అయితే పెద్దరికం వేరు, గెలుపు వేరు. అక్కడ ఏటేటా ప్రథమశ్రేణిలో అడుగున మిగిలినవారు కిందికి దిగాలి, ద్వితీయశ్రేణిలో ముందున్నవారు పైకెక్కాలి. లె హావ్ర్ క్లబ్బు జీవితమంతా ఈ నిచ్చెనమీదనే గడిచినది. 1944 సెప్టెంబరులో బాంబులు పట్టణం నడిబొడ్డును నేలమట్టం చేసినాయి. పదిహేనేళ్ళకు, 1959లో, ద్వితీయశ్రేణిలో ఉండగానే ఈ క్లబ్బు ఫ్రాన్సు కప్పు ఫైనలుకు వెళ్ళింది. సోషో జట్టుతో 2-2 సమానం. మళ్ళీ ఆడించగా 3-0 గెలుపు! ఆ ఏడే ద్వితీయశ్రేణిలోను అగ్రస్థానం. కింది శ్రేణి జట్టు ఆ కప్పు గెలవడం అదే మొదలు. మరొక జట్టు, గ్యాంగాం, ఆ పని చేయడానికి 50 ఏళ్ళు పట్టినది.

డబ్బులేని క్లబ్బుకు పిల్లలను పెంచడమే వ్యవసాయం. పేరుపడ్డ పోగ్బా, మహ్రెజ్ ఇక్కడ కొన్నాళ్ళు తయారైనవారే. రియూనియన్ నుంచి పాయే కూడా పసివాడుగా ఇక్కడికే వచ్చినాడు. వారికంటె ముందు, 1973 అక్టోబరు 2న, ఈ పట్టణానికి ఆనుకొనే ఉన్న ఆర్ఫ్లర్‌లో ఒక మారిషస్ కుటుంబంలో ఒక పిల్లవాడు పుట్టినాడు. పేరు వికాస్ దొరసూ. తెలుగు మూలాలున్న ఇల్లు. ఆ పేరు వినగానే మన చెవికి 'దొర' తోస్తుంది. అంతమాత్రాన నేను వ్యుత్పత్తికి దిగను. కోక్రియోవిల్ అనే పేటలో ఎత్తయిన మేడల నడుమ పెరిగి, లె హావ్ర్ క్లబ్బులో ఆట నేర్చి, 1993లో పెద్దజట్టులోకి వచ్చినాడు. అయిదేళ్ళు అక్కడే ఆడినాడు. ఆ పైన లియోన్ జట్టుతో 2003లో, 2004లో దేశపు విజేత అయినాడు. తరువాత మిలాన్, పారిస్. ఫ్రాన్సు తరఫున 18 ఆటలు ఆడినాడు. 2005లో సైప్రస్ మీద ఒక గోలు కొట్టినాడు.

మనం ఇప్పుడు 'మనవాడే' అని చెప్పుకొంటున్నాం. నాకది కొంచెం సిగ్గుగానే ఉంటుంది. 1828లో ఓడెక్కిన పదిహేనుగురిలో ఒక్కరి పేరయినా మా ఊళ్ళో ఎవరి నోటా వినలేదు. బంతి తన్ని పేరు తెచ్చుకొన్నవాడిని మాత్రం చుట్టరికం కలుపుకొంటున్నాం. చొక్కా ఇచ్చి పెంచినది ఆ రేవు క్లబ్బు కదా!

2006లో అతడు ప్రపంచ కప్పుకు వెళ్ళినాడు. భారత సంతతివారిలో ఆ పోటీలో ఆడిన మొదటివాడని వ్రాస్తారు. రెండు ఆటలలో, అదీ చివరి నిమిషాలలో మాత్రమే, దింపినారు. మిగతా రోజులలో చిన్న కెమెరాతో తన నిరీక్షణనే చిత్రం తీసుకొన్నాడు. అది 'సబ్‌స్టిట్యూట్' అనే పేరుతో 2007లో బయటికి వచ్చినది. అతని క్లబ్బు తరువాత 2009లో కిందికి జారి, పద్నాలుగేళ్ళు ద్వితీయశ్రేణిలో కాలం గడిపి, 2023లో మళ్ళీ పైకెక్కినది.

ఆ ప్రపంచ కప్పులో అతడు మొదట దిగినది జూన్ 13న, స్విట్జర్లాండు మీద, స్టుట్‌గార్టులో. యానాం విమోచనకు సరిగా 52 ఏళ్ళు నిండిన రోజు. ఆ ఆట నేను టెలివిజనులో చూచినాను. ఎవరికీ గోలు లేదు, నాకు కునుకు పడుతున్నది. చివరలో సన్నపాటి ఆటగాడొకడు లోపలికి వచ్చినాడు. మా అబ్బాయి, "ఇతను మనవాడిలా ఉన్నాడు నాన్నగారూ" అన్నాడు.

"కాదురా, ఫ్రెంచివాడు" అన్నాను.