ఎకో పరీక్షలో బుడగల సాయం

బెంగళూరు నుండి హోసూరు వెళ్లే రహదారిపై ఆనేకల్ తాలూకాలో ఉన్న బొమ్మసంద్ర ఒకప్పుడు పారిశ్రామికవాడగానే ప్రసిద్ధి. డాక్టర్ దేవీప్రసాద్ శెట్టి 2000లో నెలకొల్పిన నారాయణ హృదయాలయ వలన ఆ ఊరి పేరు వినగానే గుండె వైద్యం గుర్తుకు రావడం మొదలైంది. 2025 ఆగస్టు నుండి మెట్రో రైలు కూడా అక్కడిదాకా నడుస్తున్నది. చిత్తూరు, అనంతపురం, కోలారు, హోసూరు ప్రాంతాల నుండి అక్కడికి చికిత్సకు వెళ్లే తెలుగువారి చేతి సంచిలో సాధారణంగా సొంత ఊరిలో తీయించిన ఎకో నివేదిక ఒకటి ఉంటుంది. అందులో 'పూర్ విండో' అన్న మాట కనబడితే పలువురు బెంబేలెత్తుతారు. అది జబ్బు పేరు కాదు. బొమ్మ సరిగా కనబడలేదని మాత్రమే దాని అర్థం.

ఎకో పరీక్షలో చెవికి వినబడని ధ్వని తరంగాలను ఛాతీలోనికి పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనితో గుండె చిత్రాన్ని రూపొందిస్తారు. ఈ తరంగాలు గాలిని, ఎముకను సులభంగా దాటలేవు. కావున స్థూలకాయులలోను, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధి గలవారిలోను, వెంటిలేటర్‌పై ఉన్నవారిలోను గుండె గోడల అంచులు మసకగా కనబడతాయి. అట్టి సందర్భాలలో కాంట్రాస్ట్ ఎకో అక్కరకు వస్తుంది.

దీని మూలసూత్రం గాలిబుడగ. ద్రవంలోని బుడగ ధ్వనిని బలంగా వెనుకకు పంపుతుంది. కాథెటర్ ద్వారా ఎక్కించిన ద్రవం వలన మేఘం వంటి ప్రతిధ్వని కనబడుతుందని అమెరికాలోని రోచెస్టర్‌కు చెందిన రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా 1968లో ప్రకటించారు.

ఇందులో చౌకైన పద్ధతికి రెండు సిరంజిలు, కొద్దిపాటి సెలైన్, ఇంచుమించు ఒక మిల్లీలీటరు గాలి చాలును. రెండు సిరంజిల మధ్య సెలైన్‌ను వేగంగా అటూ ఇటూ నెట్టి, ఏర్పడిన నురుగును వెంటనే చేతి నరంలోనికి ఎక్కిస్తారు. ఆ బుడగలు గుండె కుడి గదులను నింపి ఊపిరితిత్తులలో ఆగిపోవాలి. ఎడమ గదులలో కనబడితే అడ్డదారి ఉన్నట్లే. మూడు స్పందనల లోపే కనబడితే గుండె గదుల నడుమ రంధ్రం ఉందని, ఆలస్యంగా వస్తే ఊపిరితిత్తులలోని రక్తనాళాలలో దారి ఉందని అనుమానిస్తారు. కారణం తెలియని పక్షవాతం చిన్న వయసులోనే వచ్చినవారికి ఈ పరీక్ష చేయించడం అందుకే. అయితే పెద్దవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి పై గదుల నడుమ చిన్న సందు మిగిలి ఉంటుంది. కనబడిన ప్రతి సందునూ మూయనక్కరలేదు.

ఎడమ జఠరికను చూడాలంటే ఊపిరితిత్తులను దాటగల బుడగలు కావాలి. వీటిని ఎర్ర రక్తకణం కంటే చిన్నవిగా, కొవ్వు లేక ప్రొటీన్ పొరలో బరువైన వాయువును బంధించి తయారుచేస్తారు. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అట్టి వాయువులలో ఒకటి. విద్యుత్ స్విచ్‌గేర్‌లో నిప్పురవ్వలను అణచేదీ ఇదే!

చికిత్స మారేది ఇక్కడే. పెద్ద గుండెపోటు తరువాత జఠరిక కొన వద్ద రక్తపు గడ్డ చేరవచ్చు. మామూలు ఎకోలో అది నీడ వలె భ్రమింపజేస్తుంది. కాంట్రాస్ట్ ఇచ్చినప్పుడు తెల్లని గదిలో నల్లని ముద్దగా తేటపడుతుంది. గడ్డ ఉన్నట్లయితే రక్తం పలుచబరిచే మందులు అవసరం, లేకున్నా వాడితే రక్తస్రావ భయం. పంపింగ్ శాతం 35కు పైనా, లోపలా అన్నదానిపై ఐసీడీ అమర్చే నిర్ణయం ఆధారపడుతుంది. మసక బొమ్మతో అట్టి లెక్క కట్టడం ఉచితం కాదు.

యాంజియోగ్రామ్‌లో వాడే అయోడిన్ మందు ఇది కాదు. మూత్రపిండాలకు భారం కలిగించదు, రేడియేషన్ లేదు. వాయువు ఊపిరి ద్వారా బయటకు పోతుంది. 2007 అక్టోబరులో అమెరికా ఔషధ సంస్థ దీనిపై తీవ్ర హెచ్చరిక జారీచేసినా, 2008లో ఆంక్షలను చాలావరకు సడలించింది. అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు. కనుక గతంలో ఏ మందైనా పడకపోయి ఉంటే, ప్రత్యేకించి పాలీఇథిలీన్ గ్లైకాల్ పడకపోతే, ముందే వైద్యులకు తెలపాలి.

కాంట్రాస్ట్‌తో కొలిచినప్పుడు జఠరిక పరిమాణం మామూలు ఎకోలో కంటే సాధారణంగా పెద్దదిగా వస్తుంది. ఒక నివేదికను మరొకదానితో పోల్చేముందు రెండూ ఒకే పద్ధతిలో తీసినవేనా అని అడగడం మంచిది.