మామయ్య కంప్యూటరూ, మాయ సన్యాసులూ

భద్రాచలం వెళ్ళినవాళ్ళు చాలామంది పర్ణశాల కూడా చూసే వస్తారు. అక్కణ్ణుంచి ఓ ముప్పై అయిదు కిలోమీటర్లు, గోదావరి ఒడ్డున, దుమ్ముగూడెం మండలంలో ఉంటుంది. అప్పట్లో ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. సీతాపహరణం అక్కడే జరిగిందని మనవాళ్ళ నమ్మకం (నాసిక్ వాళ్ళు కాదు, మా పంచవటి అంటారు. ఆ తగువులో నేను దూరను). బంగారు లేడి, సన్యాసి వేషంలో భిక్షకొచ్చిన రావణుడు, అన్నీ బొమ్మలు చేసి పెట్టారు. మా చిన్న మామయ్య వాళ్ళది ఆ ఊరే.

2005 సంక్రాంతికి వెళ్తే హాల్లో కంప్యూటరు మీద దుప్పటి కప్పి ఉంది. మానిటరుకి, సీపీయూకి కలిపి ఒకటే దుప్పటి. ప్లగ్గు పీకి చుట్ట చుట్టి పైన పెట్టేశారు. ఏంటి మామయ్యా అంటే ఆయన మాట్లాడలేదు. అత్తయ్య వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "దాంట్లో ఏవేవో పాడు బొమ్మలు వస్తున్నాయంట రా. మీ మామయ్య పేపరు చూద్దామని పెడితే, పక్కింటి మాస్టారు కూడా ఉన్నారు, అప్పుడే వచ్చినయ్. అమ్మాయే చూస్తోందని ఆయన అనుమానం. చదువు చాలు, సంబంధాలు చూస్తా అంటున్నాడు."

మా మరదలు అప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. ఐసెట్ రాసి ఎంసీఏ చెయ్యాలని దాని కోరిక, ఆ కంప్యూటరు కొన్నదీ అందుకే. ఖమ్మంలో అసెంబుల్ చేయించిన సెలెరాన్, 128 ఎంబీ ర్యామ్, ఎక్స్‌పీ, టెలిఫోన్ లైను మీద డయలప్. ఆ పిల్ల నాతో ఒక్కటే మాట అంది, "నేను ముట్టుకోకపోయినా వస్తున్నాయి బావా." నాన్న నమ్మలేదు. రావణుణ్ణి వదిలేసి సీతని నిలదీయడం మనకి కొత్తేం కాదు కదా.

దుప్పటి తీసి ఆన్ చేశాను. డెస్క్‌టాప్ రావడానికి ఏడు నిమిషాలు పట్టింది, గడియారం చూశా. బ్రౌజరు తెరిస్తే ఎప్పుడూ వినని వెతికే పేజీ, దాని పైన మూడు టూల్‌బార్లు. ఎవరూ ఏమీ నొక్కకుండానే మోడెం దానంతటది కూత మొదలుపెట్టింది. రెండు నెలలుగా ఫోను బిల్లు ఎందుకు పెరుగుతోందో కూడా అప్పుడే తెలిసింది.

కాస్త వెనక్కి వెళ్ళాలిక్కడ. మైక్రోసాఫ్ట్ 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు బ్రౌజర్ హెల్పర్ ఆబ్జెక్ట్ అనే సదుపాయం ఇచ్చింది. ఎవరైనా ఓ చిన్న డీఎల్ఎల్ రాసి రిజిస్ట్రీలో నమోదు చేస్తే చాలు, బ్రౌజరు తెరిచిన ప్రతిసారీ అదీ లోపలికొచ్చి కూర్చుంటుంది. మీరు చూసే ప్రతి పేజీనీ అదీ చూస్తుంది. సదుద్దేశంతో ఇచ్చిందే, కానీ తలుపుకి గడియ లేదు. 2000లో డాట్‌కామ్ బుడగ పేలాక ప్రకటనల రేట్లు పడిపోయాయి. ఉచిత సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకి డబ్బులొచ్చే దారి ఒకటే మిగిలింది: తమ ఇన్‌స్టాలర్‌లో ఇంకొకడి ప్రోగ్రాం దూర్చడం. ఒక్కో మెషీన్లో ఎక్కించినందుకు ఇంత అని కమిషను. మన ఊళ్ళలో బస్సు దిగిన యాత్రికుణ్ణి లాడ్జికి తీసుకెళ్తే ఆటోవాడికి ఇచ్చినట్టు.

గేటర్ అనే కంపెనీ ఇందులో ఆరితేరింది. ఒకడి వెబ్‌సైటు మీద ఇంకొకడి ప్రకటన పరిచేది. 2002లో వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్ లాంటి పత్రికలు కోర్టుకెక్కాయి. మమ్మల్ని స్పైవేర్ అనొద్దు, యాడ్‌వేర్ అనాలి అని ఆ కంపెనీ వాదన. అన్నవాళ్ళ మీద కేసు కూడా వేసింది, తర్వాత 2003లో పేరే క్లారియా అని మార్చుకుంది. వాళ్ళ బలమంతా లైసెన్సు ఒప్పందంలోనే ఉండేది. "ఐ అగ్రీ" మీరే నొక్కారు కదా, మరి మా తప్పేంటి?

ఎదురు నిలబడింది మాత్రం పెద్ద కంపెనీలు కాదు. స్టీవ్ గిబ్సన్ తన సొంత మెషీన్లో దొంగని పట్టుకుని 2000లో ఆప్టౌట్ రాశాడు. జర్మనీ కుర్రాడు పాట్రిక్ కొల్లా స్పైబాట్ రాసి ఉచితంగా ఇచ్చాడు. నెదర్లాండ్స్‌లో మెరిన్ అనే విద్యార్థి హైజాక్‌దిస్ రాశాడు. యాంటీవైరస్ కంపెనీలు చాలాకాలం ఇవి వైరస్‌లు కావు, వాడేవాడి అనుమతితో వచ్చినవే అని పక్కకి తప్పుకున్నాయి. నాకు ఇప్పటికీ కోపమొచ్చేది అక్కడే.

సరే, పర్ణశాల సంగతికొద్దాం. నా సంచీలో ఒక సీడీ ఎప్పుడూ ఉండేది: యాడ్‌అవేర్, స్పైబాట్, హైజాక్‌దిస్, ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2. ఆ ప్యాక్ ఒక్కటే 266 ఎంబీ. మామయ్య డయలప్ మీద సెకనుకి నాలుగు కేబీ వస్తే గొప్ప, అంటే ఆగకుండా పద్దెనిమిది గంటల పైన. 2004 ఆగస్టులోనే వచ్చినా ఆ ఊరికి అది చేరకపోవడంలో వింతేముంది?

మామూలుగా తీసేద్దామని చూస్తే పోలేదు. రెండు ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి కాపలా కాస్తున్నాయి, ఒకదాన్ని చంపితే రెండోది బతికిస్తుంది. అచ్చం రక్తబీజుడే. ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి, హైజాక్‌దిస్ లాగ్ తీసి, రిజిస్ట్రీలో రన్ కీ దగ్గర్నుంచి ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టా. అత్తయ్య అరిసెలు పళ్ళెంలో పెట్టి వెళ్ళింది. మామయ్య వెనక కుర్చీలో కూచుని, చదవనట్టు పేపరు పట్టుకుని చూస్తున్నాడు.

ఆ ఫోల్డర్లన్నీ ఒకే రోజు పుట్టాయి. ప్రాపర్టీస్ తెరిచి తేదీ చూశా: 2004 అక్టోబరు 23, రాత్రి తొమ్మిదింపావు. దసరా మర్నాడు. ఆ దసరాకి నేను అక్కడే ఉన్నా. ఆ రాత్రి మరదలు పాటలు కావాలంటే, పాటలు పంచుకునే ఓ ఉచిత ప్రోగ్రాం ఎక్కించింది సాక్షాత్తూ నేనే. నెక్స్ట్, నెక్స్ట్, ఐ అగ్రీ, ఫినిష్. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని, చదివానా ఏమైనా?

చెప్పకుండా ఊరుకోవచ్చు. "వైరస్ మామయ్యా, పోయింది" అంటే ఆయన నమ్మేవాడు. కానీ ఆయన నా భుజం మీంచి చూస్తున్నాడు. తేదీ చూపించి, "ఇది ఎక్కించింది నేను, అమ్మాయి కాదు" అన్నా. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నీకే తెలీకపోతే మాకేం తెలుస్తదిరా అల్లుడూ" అన్నాడు. తిట్టినా బావుండేది.

ఫైర్‌ఫాక్స్ కూడా పెట్టా, అంతకు రెండు నెలల ముందే 1.0 వచ్చింది. కానీ మామయ్యకి పేపరు రాలేదందులో. "ఏందిరా ఈ కోడిగీతలు?" యూనికోడ్ ఇంకా పట్టుబడని రోజులు, ఒక్కో తెలుగు పత్రికకి ఒక్కో సొంత ఫాంటు, అది తనంతట దిగేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్లోనే. ఆ ఫాంట్లు ఫైర్‌ఫాక్స్‌లోనే యూనికోడ్‌గా మార్చి చూపించే 'పద్మ'ని నాగార్జున వెన్న గారు తర్వాత అందించారు. అప్పటిదాకా మన పెద్దవాళ్ళకి సొంత భాష చదవాలంటే గడియ లేని ఆ తలుపే గతి. అందులోనూ ఫాంటు కోసం, ఇంకోదాని కోసం ఏ పెట్టె వచ్చినా "యస్" నొక్కడం మనమే అలవాటు చేశాం. దీని గురించి ఎవరూ పెద్దగా రాయలేదెందుకో.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 2005 అక్టోబరు 31న సోనీ బీఎంజీ పాటల సీడీల్లోనే రూట్‌కిట్ దాగుందని మార్క్ రస్సినోవిచ్ బయటపెట్టాడు. 2006 నవంబరులో అమెరికా ఎఫ్‌టీసీతో జాంగో కంపెనీ ముప్పై లక్షల డాలర్లకి రాజీకొచ్చింది, క్లారియా యాడ్‌వేర్ దుకాణం కట్టేసిందీ ఆ ఏడే. మన ఐటీ చట్టం 2000లో 43వ సెక్షను అనుమతి లేకుండా కంప్యూటర్లో ఇలాంటివి దూర్చడాన్ని అప్పటికే తప్పంది. కానీ అనుమతి ఇచ్చింది నేనే అయితే, ఫిర్యాదు ఎవరి మీద?

2020 డిసెంబరులో హైదరాబాదులో లోన్ యాప్‌ల మీద పోలీసులు వరసగా కేసులు పెట్టినప్పుడు నాకు ఆ దుప్పటే గుర్తొచ్చింది. కాంటాక్ట్స్ చూడనివ్వమంటారు, "అలౌ" నొక్కుతాం. వాయిదా తప్పితే చుట్టాలందరికీ ఫోన్లు, మార్ఫింగ్ ఫోటోలు. ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. వ్యక్తిగత లోన్ యాప్‌లు కాంటాక్ట్స్, ఫోటోలు తాకకూడదని గూగుల్ నియమం పెట్టేసరికి 2023 మే దాటింది.

మరదలు ఐసెట్ రాసింది, ఎంసీఏ చేసింది. ఇప్పుడు తనే ఓ టెస్టింగ్ టీముని నడుపుతోంది. మొన్న మామయ్య ఫోన్లో లాక్ తియ్యకముందే ప్రకటనలు వస్తున్నాయని నాకు చేశాడు. సరే చూద్దాం అనేలోపే, "వద్దులే, అమ్మాయి వస్తోంది శనివారం, అది చూస్తది. నువ్వు మాత్రం ఏమీ ఎక్కించమాక" అని పెట్టేశాడు.