అచ్చుతప్పు టికెట్టుకు తగిలిన బహుమతి ఎవరిది? ఉత్తర తెలంగాణ నుంచి ఒక పరిశీలన

2022 డిసెంబరులో దుబాయ్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న జగిత్యాల జిల్లా యువకుడొకరికి ఎమిరేట్స్ డ్రా అనే లాటరీ సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఏదో చిన్న బహుమతి తగిలిందనుకున్నాడు. చదువుతూ పోతే అంకె వెంట సున్నాలు పెరుగుతూ పోయాయి. తేలిన మొత్తం కోటీ యాభై లక్షల దిర్హమ్‌లు, అప్పటి లెక్కన ముప్పై కోట్ల రూపాయలకు పైమాటే. ఇంటికి ఫోన్ చేస్తే ఇంట్లోవాళ్లు మొదట నమ్మలేదని ఆనాటి పత్రికలు రాశాయి. అంతకు మూడేళ్ల ముందు, 2019 ఆగస్టులో, పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా రైతుకు అబుదాబి బిగ్ టికెట్‌లో సరిగ్గా అంతే మొత్తం దక్కింది. ఆ రెండు కబుర్లూ నిజమయ్యాయి. డబ్బు చేతికందింది.

2025 జూన్ చివరి వారంలో నార్వేలోనూ ఇలాంటి కబుర్లే వెళ్లాయి. అవి నిజం కాలేదు. యూరోజాక్‌పాట్ డ్రా తర్వాత అక్కడి ప్రభుత్వ లాటరీ సంస్థ నార్స్క్ టిప్పింగ్ సుమారు 47 వేల మందికి ఉన్నదానికన్నా ఎంతో ఎక్కువ మొత్తాలు గెలిచారని సందేశాలు పంపింది. యూరో సెంట్లను నార్వే క్రోనర్లలోకి మార్చేటప్పుడు వందతో భాగించాల్సిన చోట వందతో హెచ్చవేశారు. కొత్త ఇల్లు, కొత్త కారు గురించి మాట్లాడుకుంటున్న కుటుంబాలకు క్షమాపణ మాత్రమే మిగిలింది. సంస్థ అధిపతి టోన్యే సాగ్‌స్టూవెన్ పదవి నుంచి తప్పుకున్నారు.

జగిత్యాల యువకుడికి వచ్చిన మెయిల్ కూడా అలాంటి తప్పే అయి ఉంటే? టికెట్టు మీదో, తెర మీదో, సందేశంలోనో సంస్థే "గెలిచావు" అని రాసి, తర్వాత "పొరపాటు" అంటే ఆ మాటకు విలువెంత? కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు ఈ ప్రశ్న ఊరికే వేసుకునేది కాదు. తెలంగాణలో ప్రభుత్వ లాటరీ లేదు, ఇతర రాష్ట్రాల టికెట్లు అమ్మడానికీ వీల్లేదు. అయినా అదృష్టాన్ని అమ్మే కాగితాలు మూడు దారుల్లో ఇక్కడికి చేరుతున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు అక్కడి డ్రాల్లో, తరచు నలుగురైదుగురు వాటాలు వేసుకుని, టికెట్లు కొంటారు. ఆదిలాబాద్ నుంచి ఉత్తరాన పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. అక్కడ 1969 నుంచి ప్రభుత్వ లాటరీ నడుస్తోంది. మూడోది మన పట్టణాల్లోనే పుట్టే లక్కీ డ్రా స్కీము. నెలనెలా వాయిదా కట్టాలి, డ్రాలో పేరొస్తే బండో బంగారమో తీసుకుని మిగతా వాయిదాలు మానేయవచ్చు.

భారతదేశంలో లాటరీ టికెట్టును చట్టం ఎలా చూస్తుందో ముందు తెలుసుకోవాలి. 1998 లాటరీల నియంత్రణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం టికెట్టు ముద్రించాల్సింది రాష్ట్ర ప్రభుత్వమే. దాని మీద రాష్ట్రం ముద్ర, చిహ్నం ఉండాలి. అది అసలైనదేనని రూఢి అయ్యేలా అచ్చువేయాలి. 2010 నిబంధనలు ఇంకొక అడుగు ముందుకేసి, ప్రభుత్వ ముద్రణాలయంలో గానీ, రిజర్వు బ్యాంకు లేదా భారతీయ బ్యాంకుల సంఘం జాబితాలో ఉన్న భద్రమైన ముద్రణాలయంలో గానీ మాత్రమే ముద్రించాలన్నాయి. అచ్చు బాధ్యత పూర్తిగా నిర్వాహకుడిదేనని చట్టమే తేల్చేసింది. కొన్నవాడికి అందులో ఏ పాత్రా లేదు.

కానీ ఆ కాగితమే బహుమతి కాదు. సన్‌రైజ్ అసోసియేట్స్ కేసులో 2006లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం లాటరీ టికెట్టు సరుకు కాదని, దావా వేసి రాబట్టుకోదగిన ఒక హక్కుకు గుర్తు మాత్రమేనని చెప్పింది. డ్రాలో ఆ సంఖ్య తేలితేనే, అదీ షరతులకు లోబడే ఆ హక్కు పండుతుంది. కేరళ లాటరీ శాఖ ఈ సూత్రాన్ని ఆచరణలో చక్కగా అమలు చేస్తోంది. పేపర్లో వచ్చిన ఫలితాన్ని నమ్ముకుని ఊరుకోవద్దని, ప్రభుత్వ గెజెట్‌లో అచ్చయిన సంఖ్యతో సరిచూసుకుని 30 రోజుల్లో టికెట్టు అప్పగించమని ప్రతి ఫలితంతోనూ చెబుతుంది. దినపత్రిక అచ్చుతప్పుకు ప్రభుత్వం బాధ్యత వహించదని కొన్నవాడికి ముందే తెలుసు. ఇది న్యాయమైన ఏర్పాటు. తప్పు గెజెట్‌లోనో, టికెట్టు మీదో, సంస్థ యంత్రంలోనో జరిగినప్పుడే అసలు చిక్కు.

ఇక్కడ 1872 నాటి కాంట్రాక్టు చట్టం అక్కరకొస్తుంది. ఇరుపక్షాలూ ఒకే ముఖ్య విషయంలో పొరబడితే ఒప్పందం చెల్లదని 20వ సెక్షన్ అంటుంది. ఒక్క పక్షమే పొరబడితే, ఆ ఒక్క కారణంతో ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరని 22వ సెక్షన్ అంటుంది. అచ్చు యంత్రం తప్పు చేసిందంటే అది ఒక పక్షం పొరపాటే. అలా చూస్తే టికెట్టున్నవాడి వాదన బలమైనదే.

అవతలి పక్షం దగ్గరా ఒక జవాబుంది. ఎదుటివాడు పొరబడ్డాడని తెలిసీ ఆ అవకాశాన్ని తన్నుకుపోయేవాడికి న్యాయస్థానాలు అండగా నిలవవు. సింగపూర్‌లో 2003లో ఒక వెబ్‌సైట్ 3,854 డాలర్ల లేజర్ ప్రింటర్‌కు పొరపాటున 66 డాలర్ల ధర పెట్టింది. ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లకు ఆర్డరిచ్చారు. అంత తక్కువ ధర పొరపాటేనని వాళ్లకు తెలుసునని తేల్చి కోర్టు ఆ ఒప్పందాలను కొట్టేసింది.

ఈ సూత్రం లాటరీకి వర్తించదని ఈ వ్యాసం వాదన. ప్రింటరు కొనేవాడిని అసంభవమైన ధర హెచ్చరిస్తుంది. లాటరీ అమ్మేదే అసంభవాన్ని. వంద రూపాయలకు కోటి రూపాయలు వస్తాయన్న మాట మరెక్కడ విన్నా అనుమానించాల్సిందే. లాటరీ మాత్రం ఆ అనుమానాన్ని పక్కన పెట్టమని ప్రకటనలిచ్చి మరీ అడుగుతుంది. అలా అడిగినవాడే తర్వాత "అంత మొత్తం చూసి నీకు అనుమానం రాలేదా?" అనడం తగదు. గల్ఫ్ డ్రైవరు మెయిల్‌లోని సున్నాలు నమ్మశక్యంగా లేవు, అయినా అవి నిజం. నార్వేలో వచ్చిన సున్నాలూ అంతే నమ్మశక్యంగా లేవు, అవి అబద్ధం. రెండింటికీ తేడా చెప్పగల సమాచారం గెలిచినవాడి చేతిలో ఎక్కడా లేదు.

ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి పరీక్ష ఫిలిప్పీన్స్‌లో ఎదురైంది. 1992 ఫిబ్రవరిలో పెప్సీ అక్కడ నంబర్ ఫీవర్ అనే పోటీ మొదలుపెట్టింది. సీసా మూత లోపల మూడంకెల సంఖ్య ఉండేది. గెలిచిన సంఖ్యను టీవీలో ప్రకటించేవారు. పై బహుమతి పది లక్షల పెసోలు. గిరాకీ చూసి కంపెనీ పోటీని పొడిగించింది. మే 25 రాత్రి టీవీలో ప్రకటించిన సంఖ్య 349. గెలవని సంఖ్యగా అనుకుని అంతకు ముందే సుమారు 8 లక్షల మూతల మీద ఆ సంఖ్య అచ్చు వేసేశారు. తెల్లవారేసరికి బాట్లింగు ప్లాంట్ల గేట్ల ముందు జనం బారులు తీరారు. అందరికీ పూర్తి బహుమతి ఇవ్వాలంటే 80 వేల కోట్ల పెసోలు కావాలి. మూత మీద సంఖ్యతోపాటు ఉన్న భద్రతా సంకేతం సరిపోలలేదని కంపెనీ చెప్పి, సద్భావం పేరిట మనిషికి 500 పెసోలు ఇవ్వజూపింది. 4 లక్షల 80 వేల మందికి పైగా తీసుకున్నారు. మిగిలినవాళ్లు వీధుల్లోకీ కోర్టుల్లోకీ వెళ్లారు. పెప్సీ ట్రక్కులు తగలబడ్డాయి. 1993లో ఒక ట్రక్కు మీద విసిరిన బాంబు ఇద్దరి ప్రాణాలు తీసింది. చివరికి 2006 అక్టోబరు 12న ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. భద్రతా సంకేతం పోటీ నియమాల్లో భాగమని, దాని గురించి ప్రకటనల్లో చెప్పారని పేర్కొంది.

నియమాల అక్షరం చూస్తే ఆ తీర్పులో తప్పు పట్టడం కష్టం. అయితే నెలల తరబడి టీవీలో గంభీరంగా చదివింది మూడంకెల సంఖ్యను. పేదవాడు మూత తిప్పి చూసుకుందీ ఆ మూడంకెలనే. పక్కన సన్నగా ఉన్న సంకేతం సంస్థ తన భద్రత కోసం పెట్టుకున్నది. అదే బహుమతికి ప్రాణమైతే, దాన్నీ అంతే పెద్దగా, అంతే తరచుగా చెప్పి ఉండాలి.

ఇదే మెలికను బ్రిటన్ కోర్టులు రెండు కేసుల్లో రెండు రకాలుగా విప్పాయి. 2018 జనవరిలో ఒక ఆన్‌లైన్ బ్లాక్‌జాక్ ఆటలో ఒక వ్యక్తికి 17 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. సాఫ్ట్‌వేర్ లోపమంటూ బెట్‌ఫ్రెడ్ సంస్థ ఇవ్వనంది. షరతులు స్పష్టంగా లేవని, ఆటగాడి కంటపడేలా పెట్టలేదని 2021 ఏప్రిల్‌లో లండన్ హైకోర్టు ఆటగాడికే డబ్బు ఇప్పించింది. ఇంకొకటి బ్రిటన్ జాతీయ లాటరీలో 2015లో జరిగింది. తెర మీద 10 పౌండ్ల గెలుపు వెలిగింది, కోడింగు లోపం వల్ల పది లక్షల పౌండ్లకూ సంఖ్యలు కుదిరినట్టు కనిపించాయి. షరతులను ఆటగాళ్ల ముందు తగినంతగా ఉంచారని, వాటి ప్రకారం అసలు ఫలితం 10 పౌండ్లేనని 2024 మార్చి 1న అప్పీలు కోర్టు తేల్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే కోర్టులు అడిగింది ఒకటే: షరతు కొన్నవాడికి కనబడిందా? ప్రశ్న సరైనదే. కానీ జగిత్యాల నుంచి వెళ్లి గల్ఫ్‌లో కూలి చేసుకునే మనిషికి ఇంగ్లీషు, అరబిక్ షరతులు తెర మీద ఎంత పెద్దగా కనబడినా, అవి అతనికి తెలిసినట్టు లెక్కేనా? తెలుగు, హిందీ, మలయాళం మాట్లాడేవాళ్ల సొమ్ముతో నడిచే డ్రా, తప్పు జరిగితే ఏమవుతుందో చెప్పే ఆ ఒక్క పేరానైనా ఆ భాషల్లో ఇవ్వాలి. అనువాదానికయ్యే ఖర్చు చెప్పుకోదగ్గది కాదు.

అమెరికాలోని సౌత్ కరోలైనాలో 2017 క్రిస్మస్ సాయంత్రం జరిగింది మరో రకం. 5:51 నుంచి 7:53 వరకు యంత్రాలు ప్రతి టికెట్టు మీదా తొమ్మిది గడుల్లోనూ ఒకే బొమ్మ అచ్చువేశాయి. నిజానికి ఏ టికెట్టులోనూ అయిదుకు మించి ఒకే బొమ్మ రాకూడదు. దాదాపు 71 వేల టికెట్లు, ఒక్కోదానికి 500 డాలర్లు. లాటరీ సంస్థ టికెట్టు ధర ఒక్క డాలరు తిరిగిస్తానంది. ఆ రెండు గంటల్లో ఒకటి కొని గెలిచానని మురిసిపోయినవాడూ, "ప్రతిదీ గెలుస్తోందట" అని విని పరుగెత్తి వందలు కొన్నవాడూ ఒకటి కాదు. సింగపూర్ సూత్రం రెండోవాడికి వర్తించవచ్చు. మొదటివాడికి కాదు.

వీటన్నిటి నుంచి తేలేది ఇది. తప్పు ఒకటీ అరా టికెట్టుకు పరిమితమైతే, నిర్వాహకుడు పూర్తి మొత్తం చెల్లించాలి. ముద్రణ, యంత్రం, డ్రా అన్నీ అతని చేతిలోనివే, నష్టానికి బీమా తీసుకోగలిగిందీ అతనే. తప్పు వేలమందికి పాకితే పూర్తి చెల్లింపు ఏ ఖజానాకూ సాధ్యం కాదు. అప్పుడు ఆ డ్రాకు ప్రకటించిన బహుమతి సొమ్మునూ, నిర్వాహకుడి నుంచి వసూలు చేసే అపరాధ రుసుమునూ కలిపి టికెట్టుదారులకు పంచాలి. జాక్‌పాట్‌ను పలువురు గెలిస్తే పంచుకోవడం చాలా లాటరీల్లో ఉన్న పద్ధతే. కేవలం టికెట్టు ధర వాపసు ఇవ్వడమంటే తప్పు చేసినవాడికి ఖర్చు లేకుండా చేయడమే. ఇచ్చేసిన డబ్బును మాత్రం వెనక్కి అడగకూడదు. మన కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ పొరపాటున చెల్లించిన సొమ్మును తిరిగి రాబట్టుకోనిస్తుంది. 2023 నవంబరులో తప్పు పవర్‌బాల్ సంఖ్యలు ప్రచురించిన అయోవా లాటరీ మాత్రం, అప్పటికే 4 నుంచి 200 డాలర్ల దాకా తీసుకున్నవాళ్లను వాటిని ఉంచుకోమంది. అదే మర్యాద.

ఇదంతా చట్టబద్ధమైన లాటరీ మాట. కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాల లక్కీ డ్రాల దగ్గరికొస్తే నేలే కుంగిపోతుంది. 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం ఇలాంటి స్కీము నడపడాన్ని నేరం చేసింది. మూడేళ్ల దాకా జైలు, టికెట్లు, కూపన్లు అచ్చువేసినా రెండేళ్ల దాకా శిక్ష పడవచ్చు. అనుమతి లేని లాటరీ కార్యాలయం పెట్టడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కిందికొస్తుంది. ఒకే నంబరు రెండు కార్డుల మీద అచ్చయి, ఆ నంబరుకే బండి తగిలితే ఇద్దరిలో ఎవరూ కోర్టులో బండి అడగలేరు. చట్ట విరుద్ధమైన ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం మొదటి నుంచే చెల్లదు. నిర్వాహకుడిని జైలుకు పంపవచ్చు గానీ బహుమతి రాబట్టుకోలేరు. ఊళ్లో ఉండే వ్యక్తి ఫోన్లోనే గల్ఫ్ టికెట్టు కొంటే అతనికీ ఇబ్బందే. లాటరీ టికెట్ల కొనుగోలుకు విదేశాలకు సొమ్ము పంపడాన్ని విదేశీ మారక నిర్వహణ చట్టం కింద 2000లో చేసిన నిబంధనలు నిషేధించాయి. ఆ టికెట్టు మీద తప్పు జరిగిందని ఫిర్యాదు చేయబోతే ముందుగా బయటపడేది తన ఉల్లంఘనే.

ఒక్కచోట మాత్రం తలుపు తెరిచే ఉంది. శీతల పానీయమో సబ్బో అమ్ముకోవడానికి కంపెనీ పెట్టే బహుమతి పథకంలో 349 లాంటి తప్పు మన దగ్గర జరిగితే, కొన్నవాడు సరుకు కొన్న వినియోగదారుడు. ఇవ్వాలన్న ఉద్దేశం లేకుండా బహుమతులు ప్రకటించడం, ఫలితాల సమాచారాన్ని పాల్గొన్నవాళ్లకు తెలియనివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. ఆ చట్టం కింద ఫిర్యాదుదారు తానుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. పైగా ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది చెల్లించిన ధరను బట్టి ఉంటుంది, పోయిన బహుమతిని బట్టి కాదు. ఇరవై రూపాయల సీసా మూతలో కోటి రూపాయలు పోగొట్టుకున్న ఉట్నూరు మనిషి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఆదిలాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఆ మూతను బల్ల మీద పెట్టవచ్చు.