విత్తనం గాదెలో నుంచి ప్యాకెట్లోకి ఎట్టా పోయింది?

తొలకరి పడితే చాలు, నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఇదే మాట వినపడుద్ది: "పోయినేడు పత్తి బాగా కాసిందిగా, ఆ గింజలే దాచుకుంటే పోలా? మళ్లీ ప్యాకెట్టు కొనడం దేనికి?" దీనికి జవాబు కావాలంటే యాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

మన పెద్దోళ్లు పత్తి గింజల్ని పేడనీళ్లతో రుద్ది, ఆరబెట్టి, అవే మళ్లీ విత్తేవాళ్లు. అప్పటివి రకాలు. రకం అంటే తల్లి ఎట్టా ఉంటే పిల్లా అట్టాగే ఉంటది. గుంటూరు జిల్లాలో ఎక్కువగా వేసిన ఎంసీయూ-5 రకమే. 1984-85లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని దెబ్బతీశాక, దోమను తట్టుకుంటదని పేరు తెచ్చుకున్న లాం ఫారం కాంచన కూడా రకమే. పక్క రైతు దగ్గర గింజలు తెచ్చుకున్నా అదే పంట వచ్చేది.

ఈలోపు 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ గారు హెచ్-4 తెచ్చారు. ప్రపంచంలో సాగుకొచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి అదే. 1972లో ధార్వాడ్ నుంచి కటార్కి గారి వరలక్ష్మి వచ్చింది. రెండు వేరువేరు పత్తుల్ని కలిపితే పుట్టేది హైబ్రిడ్. సాయంత్రం మొగ్గలో మగ కేసరాలు తీసేసి, పొద్దున్నే రెండో మొక్క పుప్పొడి అద్దుతారు. అట్టా వచ్చిన గింజ ఎఫ్-1. చేనంతా ఒకే తీరు, బలం ఎక్కువ.

ఆ చేలో తీసిన గింజ ఎఫ్-2. చిక్కంతా ఇక్కడే. 1866లోనే మెండెల్ బఠాణీల మీద ఇది రాశాడు. పొడుగు, పొట్టి కలిపితే మొదటి తరం అన్నీ పొడుగే. వాటి గింజలు వేస్తే నాలుగింట ఒకటి పొట్టి. దాగిన గుణం బయటపడ్డది. పత్తిలోనూ అంతే, ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి కాయే పట్టదు.

బీటీ వేరే మాట. మట్టిలోని ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు, కాయతొలుచు పురుగు కోసం. 2002 మార్చిలో అనుమతి వచ్చింది. మనకు అది హైబ్రిడ్లలోనే అమ్మారు. ఆ జన్యువు ఒక వైపు నుంచే వస్తే, దాచిన గింజల్లో సుమారు నాలుగో వంతుకు అది ఉండదు.

అంటే ఏటా కొట్టుకు పోవాల్సిందే. అందుకే ధర మన చేతిలో లేకుండా పోయింది. 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి పోరాడాకే 450 గ్రాముల ప్యాకెట్టు 750 రూపాయలకు దిగింది.

2001 చట్టం విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కు మనకిచ్చింది. కానీ హైబ్రిడ్‌ దగ్గర ఆ హక్కు కాగితం మీదే మిగులుద్ది. రకం దగ్గరే అది పనికొస్తది.

మిర్చిలో 334 రకమే. దాని గింజ దాచుకోవచ్చు. అయితే తేనెటీగలు పక్క చేలో పుప్పొడి తెస్తయ్, కాబట్టి వేరే మిర్చికి దూరంగా, చేను నడిమధ్యలో మంచి చెట్లు చూసి కాయలు ఏరండి.

కొట్లో ముందు అడగాల్సింది ధర కాదు: "ఇది రకమా, హైబ్రిడ్డా?" బిల్లు తీసుకోండి. పంట చేతికొచ్చేదాకా ప్యాకెట్టు పారెయ్యమాకండి.